రోగాల పుస్తకం

మొన్న ఫోను ఛార్జింగ్ ఎక్కడం మానేస్తే ఆబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి పట్టుకెళ్లాను. గోడవారగా చిన్న బల్ల, దాని మీద మైక్రోస్కోపు, వెనక పాతికేళ్లు నిండని కుర్రాడు. ఛార్జింగ్ పోర్టు మీద పేస్టు చుక్క పెట్టి టంకం పెట్టే ఐరన్ ఆనించేసరికి సన్నటి పొగ లేచింది. టంకమూ పేస్టూ కలిసి కాలిన ఆ వాసన తగిలి ఎన్నేళ్లయిందో. ముందుకి వంగి పీల్చుకున్నాను కూడా. "దూరం జరగండి అంకుల్, ఆ పొగ మంచిది కాదు," అన్నాడు.

ఊరికే కూర్చోలేక, "బోర్డు బొమ్మ లేకుండా తప్పు ఎట్లా పట్టుకుంటావు?" అని అడిగాను.

"బొమ్మ ఉంటది అంకుల్. కంప్యూటర్‌కి పెట్టే తాళంచెవి లాంటి డాంగిల్ కొనాలె, ఏడాదికోసారి పైసలు కట్టాలె. కట్టకపోతే తెరుచుకోదు."

"గీసినవాడు డబ్బు అడగడంలో తప్పేముంది?"

"బొమ్మలకైతే ఇస్తం. కానీ ఏ ఫోనుకి ఏ ప్రాబ్లమ్ వస్తే ఏం మార్చాలని దాంట్లో రాసుంటది కదా, అవి శానా మటుకు మాలాంటోళ్లు పెట్టినయే. మేం పెట్టినయి మేమే కొనుక్కుంటున్నం." నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇదే మాట, దాదాపు ఇట్లాగే, ఒక రేపల్లె మెకానిక్ నోట విన్నాను. తెనాలిలో. అప్పటికి ఈ కుర్రాడి నాన్నకి కూడా పెళ్లయి ఉండదు.

*

నేను ఇంటర్ తప్పిన ఏడాది. ఇంట్లో తిని తిరుగుతున్నానని మా నాన్న తీసుకెళ్లి రేడియో మాస్టారి కొట్లో కూర్చోబెట్టాడు. బోస్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, మూడు చెక్క తలుపుల కొట్టు. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. అడిగినవాడికల్లా విసుక్కోకుండా చెప్తాడు కాబట్టి ఊరు పెట్టిన పేరు.

పొద్దున తలుపులు తీయగానే ఆయన చేసే మొదటి పని, ముందురోజు బాగుచేసిన సెట్లన్నిటినీ విజయవాడ కేంద్రం మీద పెట్టడం. 837 కిలోహెర్ట్‌జ్. ఒకేసారి ఏడెనిమిది రేడియోలు అదే వార్తలు చదివేవి. ఒకటి గొంతు పట్టేసినట్టు, ఒకటి గిన్నెలోంచి మాట్లాడినట్టు. సరిగ్గా ట్యూన్ కానిది వెనకాల సన్నగా కూసేది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ వింటూనే, "ఆ మర్ఫీ సెట్టుకి ఐఎఫ్, లోపలి ట్యూనింగు, ఇంకా కుదర్లేదు. ఆ బుష్షు సెట్టు స్పీకరు కాగితం ఎక్కడో చిరిగింది," అని చెప్పేసేవాడు. మీటరు ఆ తర్వాతే చేతిలోకి వచ్చేది.

రేపల్లె పాసింజరు దిగి వచ్చేవాళ్లు రేడియోని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేవాళ్లు. గుడ్డతో కుట్టిన తొడుగు, దాని మీద దారంతో పూలు. లోపల మందారం నూనె వాసన, ఒక్కోసారి బొద్దింకలు. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి రాయించుకోవాలి. ఆ పుస్తకం కూడా సెట్టుతో పాటే తెచ్చి చూపించేవాళ్లు, మేమేదో ఇన్స్‌పెక్టర్లం అయినట్టు.

నాకు ఆయన నేర్పిన మొదటి విద్య వేలితో చేసేది. సెట్టు ఆన్‌లో ఉంది, కానీ మాట రావడం లేదు. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు మీద స్క్రూడ్రైవర్ మొన పెట్టి, ఆ ఇనుముని వేలితో తాకాలి. స్పీకర్లో 'బుర్ర్' అంటే అక్కడి నుంచి స్పీకరు దాకా అంతా బాగున్నట్టే, రోగం ముందువైపు ఉంది. ఏమీ అనకపోతే రోగం వెనకవైపు. ఒక్క తాకుడుతో సగం సెట్టు పక్కకి తప్పుకునేది. ట్రాన్సిస్టర్ సెట్టులో సరే, వాల్వు సెట్టులో ఈ పని చేసేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమనేవాడు. రెండో చెయ్యి సెట్టు లోపలి రేకు చట్రం ఛాసిస్‌కి తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది కదా. ఇప్పటికీ స్విచ్‌బోర్డు ముట్టుకుంటే నా ఎడమ చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. మా ఆవిడ నవ్వుతుంది.

*

అసలు సంగతి ఆ కొట్లో బల్ల మీద ఉండే పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట ఖాతా పుస్తకం, కిరాణా కొట్లలో పద్దులు రాసేది. అందరూ రోగాల పుస్తకం అనేవాళ్లు.

పాత వాల్వు రేడియోల్లో కొన్నిటికి వెనక అట్ట లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అతికించి వచ్చేది. కంపెనీ ఇచ్చిన బొమ్మ, కొన్నవాడి సొత్తు. ట్రాన్సిస్టర్లు వచ్చాక బొమ్మ కాగితం ముక్కగా మారింది, పెట్టెతో పాటు పోయేది. టీవీలు వచ్చాక ఆ కాగితం కూడా దొరకడం గగనమైంది. కంపెనీ డీలరుకి ఇచ్చేది, డీలరు సొరుగులో దాచేవాడు. అందుకని చుట్టుపక్కల మెకానిక్కులు, దుగ్గిరాల నుంచి ఒకాయన, భట్టిప్రోలు నుంచి ఒకాయన, రేపల్లె నుంచి ఇద్దరు, మాస్టారి కొట్టుకి వచ్చి తమకి తగిలిన రోగం, తాము వేసిన మందు ఆ పుస్తకంలో రాసేవాళ్లు. 'పడవ మోటారు లాగా టప్‌టప్‌మని శబ్దం: సప్లై లైను మీద 100 మైక్రోఫారడ్ ఎండిపోయింది, మార్చాలి.' 'సౌండు ఉంది, తెరమీద వెలుగు లేదు: బీయూ205 ట్రాన్సిస్టర్ చూడు, అది పోయిందంటే ఎందుకు పోయిందో కూడా చూడు, ఊరికే మార్చావంటే అరగంటలో మళ్లీ పోతుంది.' ఆ రెండోది మాస్టారి రాత. ఆయన రోగం రాస్తే మందుతో పాటు తిట్టు కూడా రాసేవాడు.

పద్ధతి ఒక్కటే. పుస్తకం తెరిచి చూసినవాడు మూసేలోపు ఒకటి రాయాలి. కొత్తదేమీ లేకపోతే పాతదాని పక్కన 'నాకూ ఇదే తగిలింది' అని టిక్కు కొట్టాలి. ఆ టిక్కులు తీసిపారేసేవి కావు. పదకొండు టిక్కులు పడిన రోగం అంటే ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చినదని అర్థం. మార్కెట్ దగ్గర కొట్టు పెట్టుకున్న ఒక భాయ్‌కి తెలుగు రాయడం రాదు. ఆయన చెప్తుంటే నేను రాసేవాణ్ని. చివర తన గుర్తుగా ఒక చిన్న ట్రాన్సిస్టర్ బొమ్మ గీసేవాడు, మూడు కాళ్లతో.

టీ తాగి, పుస్తకం చూసి, ఏమీ రాయకుండా వెళ్లిపోయేవాడు కూడా ఒకడుండేవాడు. "వాడికి చూపించొద్దు మాస్టారూ," అని మిగతావాళ్లు గొడవపడేవాళ్లు. ఆయన వినేవాడు కాదు. "వాడు బాగుచేసిన సెట్టు మోగుతుందా లేదా? మనకెందుకు," అనేవాడు. ఈ మాట మీద నాకు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుదల లేదు. ఊరికే తీసుకుపోయేవాళ్లు ఎక్కువైతే రాసేవాళ్ల చెయ్యి ఆగిపోతుంది, అది కళ్లతో చూశాను. కానీ ఆ కొట్టు ఆయనది.

*

పార్టుల కోసం వారానికోసారి నన్ను విజయవాడ పంపేవాడు. గవర్నర్‌పేటలో ఒక స్పేర్ పార్టుల కొట్టు. కెపాసిటర్లు గోలీల్లా గాజు సీసాల్లో పోసి ఉండేవి. ఆ కొట్టాయనకి రోగాల పుస్తకం గురించి ఎట్లాగో తెలిసింది. ఒకరోజు నాకు ఇడ్లీ పెట్టించి, "అబ్బాయ్, నీ దస్తూరి బాగుంటుందట. ఆ పుస్తకం నాకొక ఫెయిర్ కాపీ చేసిపెట్టు. బొమ్మలు ట్రేసింగ్ పేపరు మీద నల్ల ఇంకుతో గియ్యి. నూట యాభై ఇస్తా," అన్నాడు.

నూట యాభై రూపాయలు. మా నాన్న నాకు నెలకి జేబు ఖర్చుకిచ్చేది పదిహేను.

మాస్టారు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి ఒక కునుకు తీసి వచ్చేవాడు. ఆ రెండు గంటలు నావి. ఇరవై రోజులు పట్టింది. దాచిపెట్టి చేస్తున్నానన్న బెదురు ఉండేది గానీ, తప్పు చేస్తున్నానని మాత్రం అనిపించలేదు. అందరూ చూసే పుస్తకమే కదా, తలుపు తీసే ఉంది కదా, అనుకున్నాను.

మూడు నెలల తర్వాత అచ్చయి వచ్చింది. నీలం అట్ట, అరవై నాలుగు పేజీలు, పన్నెండు రూపాయలు. రాసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. భాయ్ గీసిన మూడు కాళ్ల బొమ్మలు కూడా లేవు, అవి అనవసరమని నేనే వదిలేశాను. అట్ట వెనక మాత్రం 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అని ఉంది.

ఆ ఆదివారం కొట్లో జరిగిన రభస నాకు బాగా గుర్తు. రేపల్లె ఆయన పుస్తకం బల్ల మీద విసిరికొట్టి, "నేను రాసింది నేనే పన్నెండు రూపాయలు పెట్టి కొనుక్కోవాలంట్రా?" అని అరిచాడు. దుగ్గిరాల ఆయన కేసు పెడదామన్నాడు. ఎవరి మీద, ఏమని? రోగం ఎవడి సొత్తు? భట్టిప్రోలు ఆయన ఒక్కడే మెల్లగా, "బాగానే అచ్చేశాడయ్యా, చూపు ఆనుతోంది," అన్నాడు. అందరూ ఆయన మీద పడ్డారు.

చివరికి నలుగురూ కలిసి విజయవాడ వెళ్లి కొట్టాయన్ని నిలదీశారు. వెనకాల సంచీ మోసింది నేను. కొట్టాయన నా వైపు చూడను కూడా లేదు. ఆయన వాదన ఆయనకుంది. "కాగితం నాది, కంపోజింగు నాది, బ్లాకులకి డబ్బు పోసింది నేను. మీ పుస్తకం మీ సందు దాటి ఎప్పుడైనా బయటికొచ్చిందా? ఇవాళ శ్రీకాకుళం కుర్రాడు కూడా చదువుతున్నాడు. మీరు ఊరికే ఇచ్చింది ఊరికే పోకుండా నేను నిలబెట్టాను," అన్నాడు. అబద్ధమని ఎవ్వరూ అనలేకపోయారు. సర్వహక్కులు అన్న ముక్క దగ్గరే మాట పెగల్లేదు ఆయనకి.

తిరిగొచ్చాక రేపల్లె ఆయన రోగాల పుస్తకం తీసుకుని, జేబులోంచి బ్లేడు తీసి, తను రాసిన పేజీలు కుట్టు దగ్గర్నుంచి కోసుకుని, మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. వెనకవైపు వేరేవాళ్లు రాసినవి కూడా వాటితో పోయాయి. మాస్టారు ఆపలేదు. "ఆయన రాశాడు, ఆయన తీసుకుపోతున్నాడు," అన్నాడు. ఆయన వెళ్లాక నన్ను పిలిచి, "గుర్తున్నంత వరకూ మళ్లీ రాయి," అన్నాడు. రాశాను. నాకు గుర్తుంటుందని ఆయనకి ఎట్లా తెలుసో అప్పుడు ఆలోచించలేదు.

*

తర్వాత ఇంటర్ గట్టెక్కి, డిప్లొమా చేసి, హైదరాబాదులో ఒక టీవీ కంపెనీ సర్వీసు సెంటర్లో చేరాను. అక్కడ సర్వీసు మాన్యువళ్లు బీరువాలో ఉండేవి. ప్రతిదాని మీద నెంబరు ముద్ర. సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రానికి తిరిగివ్వాలి. మేం ఊళ్లు తిరిగి కనిపెట్టిన రోగాలు వారం వారం రిపోర్టు రాసి పంపితే, ఆరు నెలలకి అవే అచ్చయి, మీద 'బయటివారికి చూపరాదు' అని ముద్రపడి మాకే వచ్చేవి. ఒకసారి మాస్టారు కలర్ టీవీ సర్క్యూట్ ఒకటి కావాలని కార్డు రాశాడు. లంచ్ టైములో మాన్యువల్ చొక్కా లోపల పెట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్లాను. పేజీ తర్వాత పేజీ ఆ ఆకుపచ్చ వెలుగు జరుగుతుంటే నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. ఉద్యోగం పోయేదే.

నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో అమెరికాలో శామ్యూల్ గోల్డ్‌వాసర్ అనే ఆయన కూర్చిన రిపేర్ పాఠాలు కంటపడ్డాయి. టీవీ, వీసీఆర్, మైక్రోవేవ్, అన్నిటి రోగాలూ. ఆయన అనుభవంతో పాటు ఎందరో రాసి పంపినవి కూడా కలిపినవి. ముందు ఒక షరతు ఉంది: ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, కానీ ఈ షరతుల కాగితం మొదట్లో అట్లాగే ఉంచాలి, కాపీకైన ఖర్చు తప్ప పైసా తీసుకోకూడదు. అది చదివి నెట్ సెంటర్లో చాలాసేపు అట్లాగే కూర్చున్నాను, గంటకి లెక్క పడుతున్నా. పన్నెండు రూపాయల్లో కాగితం, అచ్చు పోను ఎంత మిగిలి ఉంటుందని లెక్కవేశాను. మొదటి పేజీలో ఇట్లాంటి నాలుగు వాక్యాలు ఉంటే రేపల్లె ఆయన బ్లేడు తీసేవాడా?

ఆ తర్వాత 2003లో కాలిఫోర్నియాలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు మొదలుపెట్టిన ఐఫిక్సిట్ అనే రిపేరు వెబ్‌సైట్ కూడా ఇదే దారి పట్టింది. వాడుకో, మార్చుకో, పేరు చెప్పు, అమ్ముకోవద్దు. కరోనా ఏడాది ఆసుపత్రుల్లో టెక్నీషియన్ల కోసం వెంటిలేటర్ల లాంటి పరికరాల మాన్యువళ్లు 13,000కి పైగా పోగుచేసి ఊరికే పెట్టారు. వాటిలో కొన్నిటి మీదైనా మా బీరువాలో ఉండేలాంటి ముద్ర ఉండే ఉంటుంది. మన దగ్గర 2014లో కాంపిటీషన్ కమిషన్ బయటి మెకానిక్కులకి విడిభాగాలు, రిపేరు పనిముట్లు, మాన్యువళ్లు అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు కోసం పోర్టల్ కూడా తెరిచింది. పేపర్లో చదివి మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికే చెవులు సరిగ్గా వినబడటం లేదు. "ఏ కారు? కారు కొన్నావా?" అన్నాడు. పోనీలే అని, కొన్నానని చెప్పాను.

పోయినేడు ఆయన పోయారు.

*

ఇంతసేపూ దాటేస్తున్న సంగతి ఒకటుంది.

అచ్చు పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఒక కుర్రాడు చీరాల నుంచి మా కొట్టుకి వచ్చాడు. చేతిలో నీలం అట్ట పుస్తకం, సంచిలో మాడిపోయిన టీవీ బోర్డు. పుస్తకంలో రాసినట్టే చేశాననీ, ఆన్ చేయగానే పొగ వచ్చి ఐసీ పేలిందనీ, సెట్టు గలవాడు డబ్బు కట్టమంటున్నాడనీ ఏడుపు గొంతుతో చెప్పాడు. పుస్తకం తెనాలి మెకానిక్కులదని ఎవరో చెప్తే ఇక్కడికి వచ్చాడు.

మాస్టారు పేజీ తెరిచాడు. 110 వోల్టుల లైను నుంచి హారిజాంటల్ ఐసీకి, అంటే తెరమీద అడ్డగీతలు నడిపే చిప్పుకి, కరెంటు తగ్గించి ఇచ్చే తెల్ల సిమెంటు రెసిస్టరు. ఉండాల్సింది 4.7 కె, అంటే నాలుగు వేల ఏడు వందల ఓములు, 5 వాట్లు. పుస్తకంలో బొమ్మ పక్కన ఉన్నది 4.7. 'కె' లేదు. నాలుగు వేల ఏడు వందలకి బదులు నాలుగున్నర చిల్లర. చేయి తిరిగినవాడు చూసి నవ్వి ఊరుకుంటాడు, అచ్చుతప్పని తెలుస్తుంది. పుస్తకం చూసి నేర్చుకునేవాడు అదే తెచ్చి వేస్తాడు.

ఖాతా పుస్తకంలో అదే పేజీ తీసి పక్కన పెట్టాడు. అక్కడ 'కె' ఉంది. తర్వాత చాలాసేపు అచ్చులో ఉన్న బొమ్మనే చూశాడు. అక్షరాలు ప్రెస్సువే అయినా బొమ్మలు నా ట్రేసింగ్ నుంచి బ్లాకు చేసినవి. కాయిల్ గీసేటప్పుడు నేను చివర చుట్టని కొంచెం పైకి తోక లాగా లాగుతాను. ఆ తోక మాస్టారు వంద సార్లు చూసి, "కాయిల్‌కి తోకేంట్రా, కోతా?" అని వెక్కిరించినదే.

నా వైపు తిరగలేదు. చీరాల కుర్రాడి బోర్డు తీసుకుని, తన డబ్బాలోంచి ఐసీ తీసి వేసి, రెసిస్టరు మార్చి, సాయంత్రానికి తెర వెలిగించి పంపాడు. డబ్బు తీసుకోలేదు. కొట్టు కట్టేసేటప్పుడు బల్ల సొరుగులోంచి నల్ల ఇంకు పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున బండికి విజయవాడ పో. ఆ కొట్లో ఎన్ని పుస్తకాలు మిగిలాయో అన్నిట్లో ఆ 'కె' రాసి రా. పోయిన వాటిలో ఎవరెవరు కొన్నారో ఆయనకి తెలిసినంత వరకూ అడ్రసులు రాసుకో, కార్డులు వేద్దాం."

"ఆయన మన పుస్తకం అమ్ముకుంటున్నాడు కదా మాస్టారూ," అన్నాను. ఇంకేం అనాలో తెలియక.

"అమ్ముకోనీ. తప్పు నీది."

నూట డెబ్బై ఎనిమిది కాపీలు. కౌంటరు వెనక, కెపాసిటర్ల సీసాల పక్కన, అట్టపెట్టె మీద కూర్చుని రాశాను. పేజీ ముప్పై ఒకటి. తెరువు, రాయి, ఆరనివ్వు, మూయి. కొట్టాయన మొదట చిరాకుపడ్డాడు. పదిన్నరకి టీ తెప్పించాడు. పన్నెండు గంటలకి వచ్చి భుజం మీదుగా చూసి, "కొంచెం సన్నగా రాయవయ్యా, అచ్చులో కలిసిపోవాలి," అన్నాడు. మధ్యాహ్నం ఒక కొనేవాడు పుస్తకం అడిగితే నా ముందున్న దొంతరలోంచి ఒకటి లాగి ఇస్తూ, "పద్నాలుగు. ఇది కరెక్షన్ చేసిన కాపీ," అన్నాడు.

సాయంత్రం పాసింజరు దిగి నేరుగా కొట్టుకి వెళ్లి ఈ సంగతి మాస్టారికి చెప్పాను. ఐరన్ స్టాండులో పెట్టి, అద్దాలు పైకి నెట్టుకుని, ఆ రెండు నెలల్లో మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఆ రెండు రూపాయలూ నీవి కదరా, అడిగి పుచ్చుకోలేకపోయావా?"